చెకింగమ్మ ముసలి ముఖం

మా నాన్న వేసే బొమ్మలన్నీ పోయినవాళ్ళవే. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు కాలం చేస్తే, నెలో రెండు నెలలో ఆగి, ఆ ఇంటివాళ్ళు గుర్తింపు కార్డు మీది చిన్న ఫోటో ఒకటి పట్టుకుని మా వెనక గదికి వస్తారు. నాన్న దాన్ని చూసి రెండడుగుల కాన్వాసు మీద నూనె రంగుల్లో బొమ్మ వేసి ఇస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

ఆ ఫోటోల్లో ఎవరూ బాగుండరు. కార్డు కోసం వరసలో నిలబడి నిలబడి విసిగిపోయిన ముఖాలవి. కొందరైతే అప్పటికే జబ్బుతో ఉంటారు. నాన్న ముందుగా ఆ అలసట తీసేస్తాడు. కళ్ళ కింద నలుపు, పీక్కుపోయిన బుగ్గలు, ఒకవైపు జారిన భుజం, అన్నీ సర్దుతాడు. సర్దడం అన్నది ఆయన మాటే. "ఈడ్చుకుపోయిన ముఖాన్ని రోజూ గోడ మీద ఎవరు చూడగలరే" అంటాడు. ఆయనకి ఇంకో పట్టింపు కూడా ఉంది. పోయినవాళ్ళ గురించి ఒక్క ముక్క అడగడు. అడిగితే వచ్చినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు, అది చూశాక కుంచె పట్టుకోబుద్ధి కాదు అంటాడు.

కాలేజీ నుంచి వచ్చాక నేను ఆయనకి సాయం చేస్తాను. కుంచెలు కడగడం, కాన్వాసుకి తెల్లపూత వెయ్యడం, ఫోటో మీద మైనం పెన్సిల్‌తో గళ్ళు గీయడం నా పనులు. ఆ గళ్ళ లెక్కన నాన్న ముఖాన్ని పెద్దది చేసుకుంటాడు. బొమ్మ అయిపోయాక టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో ఆ గళ్ళు తుడిచేసి, ఫోటో తిరిగి ఇచ్చేస్తాం. ఈ పనుల్లో దేనికీ మాట్లాడక్కర్లేదు. అందుకే నాకు ఇష్టం. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నేను కాన్వాసుల చాటుకి పోతాను. "మా అమ్మాయి గొంతు వినాలంటే టికెట్టు కొనాలి" అంటుంది అమ్మ.

ఆ ఏడు ఎండలు మరీ దారుణంగా కాశాయి. చాలామంది పోయారు. నాన్న వరసగా పదకొండు ముఖాలు వేశాడు. పన్నెండోది మొదలుపెట్టకుండా స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తున్న రోజున కండక్టరు గారు వచ్చారు. బస్సులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. పలచగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక దాన్ని పట్టుకుని నిలబడతారు. మా ఇంట్లో తలుపు చెక్క పట్టుకున్నారు.

"ఆర్టిస్టు గారూ, కుక్క బొమ్మ వేస్తారా?"

ముందు గదిలో మిషను కుడుతున్న అమ్మ, తల ఎత్తకుండానే అంది. "వేస్తారు గానీ, అది కుదురుగా కూర్చుంటుందా?"

"కూర్చోవాల్సిన పని లేదమ్మా. పోయి రెండు నెలలైంది."

అమ్మ మిషను ఆపేసింది. "అయ్యో, నా నోరు" అంది.

"పర్లేదమ్మా. ముప్ఫై ఏళ్ళు బస్సులో పడని మాటా నేను."

నాన్న ముందు వద్దన్నాడు. జంతువులు అలవాటు లేదన్నాడు. కండక్టరు గారు తలుపు చెక్కని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

"మీరు వద్దంటే ఎలాగండి. ముఖం మర్చిపోతున్నాను. నెల కిందట కళ్ళు మూసుకుంటే కనబడేది. ఇప్పుడు తోక కనబడుతుంది, కాళ్ళు కనబడతాయి, ముఖం దగ్గరికొచ్చేసరికి అలికేసినట్టు అయిపోతోంది. ఇంకో నాలుగు నెలలు పోతే నల్ల కుక్క ఒకటి ఉండేది అన్నంత వరకే మిగుల్తుంది."

నాన్న ఆయన్ని కాసేపు చూసి చెయ్యి చాపాడు. ఆయన చొక్కా జేబులోంచి ఫోటో తీసి ఇచ్చారు. డ్రైవరు ఒకతను ఫోన్లో తీశాడట. ఆ ఫోను తర్వాత నీళ్ళ తొట్టిలో పడి పాడైపోయింది. అంతకుముందే జిరాక్సు షాపులో తీయించుకున్న రంగుల కాయితం ఇదొక్కటే.

"పేరేమిటి?" అన్నాడు నాన్న. ఆయన అడిగేది ఆ ఒక్కటే, ఫోటో వెనక రాసుకోవడానికి.

"చెకింగమ్మ. డిపోలో బస్సు దిగిన ప్రతి మనిషి కాళ్ళూ వాసన చూసేది. చెకింగు వాళ్ళకి భయపడనివాడు కూడా దానికి భయపడేవాడు."

నాన్న నవ్వలేదు. నవ్వితే ఆయన ఇంకా చెబుతారని నాకు తెలుసు.

ఫోటోలో నల్ల కుక్క ఒకటి గచ్చు మీద పడుకుని తల ఎత్తి చూస్తోంది. మూతి నెరిసిపోయింది. ఒక కన్ను పాలు పోసినట్టుంది. కింది రెప్పలు జారి ఎర్రటి అంచు కనబడుతోంది. నేను గళ్ళు గీసి ఇచ్చాను.

బొమ్మకి ఐదు వారాలు పట్టింది. నల్ల రంగు ట్యూబులోంచి తీసి వేస్తే బొమ్మలో గొయ్యి తవ్వినట్టు ఉంటుందని, నాన్న ముదురు నీలం, ముదురు గోధుమ రంగు కలిపి నలుపు చేస్తాడు. వెలుగు పడే చోట నీలం ఎక్కువ, కడుపు కింద గోధుమ ఎక్కువ. పలచటి మొదటి పూత, అది ఆరాక నూనె కాస్త పెంచి రెండోది, అదీ ఆరాక మూడోది. ఇరవై నిమిషాలు వేస్తే పది నిమిషాలు కూర్చునేవాడు. కూర్చున్నప్పుడు కుంచె చేతిలోనే ఉండేది, దింపడానికి కూడా ఓపిక లేనట్టు. ఒక రోజు అలాగే కునుకు తీశాడు, ప్యాంటు మీద నీలం మరక పడింది. "నీ బొమ్మలు నీ ప్యాంట్ల మీదే బాగుంటాయని మనసులో అనుకుంటా, పైకి అనను" అంది అమ్మ. పైకే అంది. కోపమొస్తే తప్ప అమ్మ నాన్నని నువ్వు అనదు.

అంత అలసటలోనూ ఆయన చెయ్యి తన పని మర్చిపోలేదు. నెరిసిన మూతి నల్లబడింది. పాలకన్ను తేరుకుంది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఐదో వారానికి కాన్వాసు మీద మిలమిలలాడే రెండేళ్ళ కుక్క తల ఎత్తి చూస్తోంది. నాకు అప్పట్లో చాలా బాగుందనిపించింది.

కండక్టరు గారు బొమ్మ చూడ్డానికి వచ్చే రోజు పొద్దున, ఎప్పటిలాగే ఫోటో మీద గళ్ళు తుడవడానికి గుడ్డ తీసుకున్నాను. టర్పెంటైన్ అద్ది, ముఖం దగ్గర మొదలుపెట్టి ఒక్కసారి రుద్దాను. గీతలతో పాటు ముఖం కూడా వచ్చేసింది. గుడ్డ నల్లగా అయింది. కాయితం మీద కుక్క మెడ దాకా ఉంది, పైన బూడిద రంగు మరక ఉంది.

స్టూడియో ఫోటోలు టర్పెంటైన్‌కి చెక్కుచెదరవు. ఎన్నో తుడిచాను. జిరాక్సు షాపు కాయితం మీది రంగు మాత్రం టర్పెంటైన్ తగిలితే కరుగుతుందని నాకు తెలీదు. నాన్నకీ తెలీదు. మా దగ్గరికి అలాంటిది అంతకుముందెప్పుడూ రాలేదు.

నాన్నకి చూపించాను. ఆయన కాయితం వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేనే చెప్పి ఉండాల్సింది" అన్నాడు చివరికి. "పోనీలే. బొమ్మ ఉందిగా."

కండక్టరు గారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. నాన్న బొమ్మ మీద కప్పిన గుడ్డ తీశాడు. ఆయన బొమ్మకి దగ్గరగా వెళ్ళారు, వెనక్కి వచ్చారు, పక్కకి జరిగి చూశారు.

"బాగుందండి" అన్నారు.

నాన్న చేతులు తుడుచుకుంటున్నాడు.

"చాలా బాగుంది. ఎవరిదండీ ఈ కుక్క?"

నాన్న చేతులు ఆగిపోయాయి. "మీదే కదండీ. కాస్త వయసు తగ్గించాను. అందరికీ అలాగే చేస్తాను. చిన్నప్పుడు ఎలా ఉండేదో..."

"దాని చిన్నప్పుడు నాకేం తెలుసండీ" అన్నారు కండక్టరు గారు. కోపంగా అనలేదు. "అది డిపోకి వచ్చేసరికే ముసల్ది. నేను రిటైరైన రోజు నా వెనకాలే ఇంటికొచ్చింది. నా దగ్గరున్నది మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ముసల్దే." చెయ్యి చాపారు. "మీ తప్పేం లేదు. ఫోటో ఇచ్చెయ్యండి, వెళ్తాను."

నేను కాన్వాసుల చాటు నుంచి బయటికి వచ్చి ఆ కాయితం ఆయన చేతిలో పెట్టాను. వెంటనే మళ్ళీ చాటుకి పోయాను.

ఆయన చూశారు. బొటనవేలితో ఆ మరకని మెల్లగా రుద్దారు, కింద ఇంకేమైనా ఉందేమోనన్నట్టు. తర్వాత కాయితం మడతపెట్టకుండా జేబులో పెట్టుకుని, అమ్మకి తల ఊపి వెళ్ళిపోయారు. బొమ్మ మా దగ్గరే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం నాన్న అన్నం తినలేదు. స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఆయన కూడా ముందు బాగుందనే అన్నాడు చూశావా" అన్నాడు అమ్మతో. "ఇన్నేళ్ళూ అందరూ బాగుందనే అన్నారు."

"బాగుంటే బాగుందనరా మరి?"

"ఎవరో తెలియనివాళ్ళని గోడకి తగిలించుకుని, నా ముఖం చూసి ఆ మాట అన్నారేమో."

అమ్మ గోడ మీదున్న మా నాయనమ్మ బొమ్మ వైపు చూసింది. "అంత దూరం ఎందుకు. అత్తయ్య ఆ బొమ్మలో నవ్వినంత, నా పెళ్ళయ్యాక ఒక్కసారైనా నవ్విందా? రోజూ దీపం ముట్టించినప్పుడల్లా అనుకుంటాను, ఈవిడెవరో మంచావిడ అని."

నాకు నవ్వొచ్చింది, కానీ నాన్న ముఖం చూసి ఆపుకున్నాను. ఆయన నాయనమ్మ బొమ్మని చూస్తున్నాడు. తన అమ్మని తనే గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉన్నాడు.

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ డిపో వెనక వీధికి వెళ్ళాను. కండక్టరు గారి గది వెతుక్కోవడానికి ఇద్దర్ని అడగాల్సి వచ్చింది. అదే నాకు పెద్ద పని. గది ముందు స్టవ్వు మీద టీ కాగుతోంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఏమని పిలవాలో దారంతా ఆలోచించుకున్నాను.

"పెదనాన్న గారూ, ఫోటో నేనే పాడుచేశాను."

"తెలుసమ్మడూ. మీ నాన్న చేస్తే మీ నాన్నే తెచ్చి ఇచ్చేవాడు."

"మీరొచ్చి చెప్పండి. దాని ముఖం ఎలా ఉండేదో. చెబితే వేస్తాం."

"గుర్తు లేకనే కదా మీ దగ్గరికి వచ్చింది."

"నేను అడుగుతాను" అన్నాను. "అడిగితే వస్తుందేమో."

ఆయన టీలో గరిటె తిప్పుతూ నన్ను చూశారు. "నువ్వు అడుగుతావా? నీ గొంతు ఎలా ఉంటుందో నాకు ఇప్పుడే తెలిసింది" అన్నారు. కానీ సాయంత్రం వచ్చారు.

మొదటి రోజు ఏమీ సాగలేదు. కళ్ళెలా ఉండేవి అంటే మంచి కళ్ళు అన్నారు. మూతి ఎలా ఉండేది అంటే కుక్క మూతి అన్నారు. నాన్న ఇటు తిరగలేదు. అడగకూడదన్న ఆయన పట్టింపు ఆయన వీపు మీద కూడా కనబడుతోంది.

రెండో రోజు ప్రశ్నలు మార్చాను. తెల్ల వెంట్రుకలు కంటి దాకా వచ్చాయా, మధ్యలో ఆగాయా అని అడిగాను. నా ముఖం మీద వేలు పెట్టి చూపించమన్నాను. ఆయన కాసేపు గాల్లో వేలు ఆడించి, నా ముక్కు పక్కన ఆపారు. "ఇక్కడిదాకా. ఎడమవైపు కాస్త పైకి." పాలకన్ను ఏ వైపో ఫోటో చూసిన మాకే గుర్తు లేదు, అడిగితే ఆయనా గుర్తు లేదన్నారు. అన్నం గిన్నె ఏ వైపు పెట్టేవారు అని అడిగాను. వెంటనే కుడిచెయ్యి చాచారు. "ఈ వైపు. ఆ వైపు పెడితే కనబడక తన్నేసేది." తర్వాత ఆయనే ఆగిపోయి, "ఓహో" అన్నారు మెల్లగా.

పడుకున్నప్పుడు తల ఎలా ఎత్తేది అని అడిగితే మాటల్లో చెప్పలేకపోయారు. చొక్కా చేతులు మడిచి గచ్చు మీద బోర్లా పడుకుని, గడ్డం ఆనించి, కళ్ళు మాత్రం పైకెత్తారు. అమ్మ గుమ్మంలోంచి చూసి, "మోకాళ్ళు జాగ్రత్తండీ, లేపడానికి డిపో నుంచి మనుషుల్ని పిలవాలి" అంది. ఆయన కింద నుంచే, "తల ముందు లేచేది కాదమ్మా. కళ్ళు లేచేవి. తల లేపాలా వద్దా అని అక్కడ కాసేపు ఆలోచించుకునేది" అన్నారు.

అప్పుడు నాన్న ఇటు తిరిగాడు. కుంచె పక్కన పెట్టి, ఆయన ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు.

"నుదుటి మీద ముడత పడేదా, అలా చూసినప్పుడు?" అని అడిగాడు.

"పడేది. ఒకటి కాదు, రెండు."

ఆ తర్వాత పది రోజులు ఆయన రోజూ వచ్చారు. నాన్న కుర్ర కుక్క ముఖాన్ని గీకుడు కత్తితో మెల్లగా గీకి, దాని మీద పలచగా నూనె రాసి, మళ్ళీ మొదలుపెట్టాడు. నిక్కిన చెవులు దించాడు. మూతికి తెలుపు వేశాడు. కానీ పొద్దున వేసిన ముసలితనం సాయంత్రానికి సర్దుకుపోయేది. ఒక్కో తెల్ల వెంట్రుకా దువ్వినట్టు పక్కపక్కనే పడుకునేది. జారిన రెప్ప తెలియకుండానే పైకి వచ్చేసేది. ఆయన కావాలని చెయ్యడం లేదు, నేను పక్కనే ఉండి చూశాను.

"రిటైరైన ఆఫీసరులా ఉందండి" అన్నారు కండక్టరు గారు ఒక రోజు. "మా చెకింగమ్మ దీన్ని చూస్తే లేచి సలాము కొట్టేది."

నాన్న నవ్వబోయి దగ్గాడు. గుడ్డతో ఆ మూతి మొత్తం తుడిచేశాడు. మూడోసారి తుడవడం అది. భుజం పట్టేసినట్టుంది, రెండో చేత్తో నొక్కుకుంటూ నిలబడ్డాడు.

"నా చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు. కుంచె నాకు అందించాడు. "నువ్వు వెయ్యి. నీకింకా సర్దడం రాదు."

నేను అంతవరకు ముఖం ఎప్పుడూ వెయ్యలేదు. వెనక గోడలు, చొక్కాలు వేశాను, అంతే. వద్దన్నాను. ఆయన అప్పటికే స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

కండక్టరు గారు నా వెనక నిలబడి, కాన్వాసు తగిలించిన చట్రం పట్టుకున్నారు. మూతి మీద తెలుపు వేశాను. గోధుమ రంగు కలిసి మురికిగా వచ్చింది. తుడవబోతే ఆయన, "ఉంచు. దాని మూతి ఎప్పుడు శుభ్రంగా ఉంది గనక" అన్నారు. పాలకన్ను మీద తెలుపు, చిటికెడు నీలం పలచగా రాశాను. ఎక్కువైంది, గుడ్డి కన్నులా అయింది. చిటికెన వేలితో అద్ది తీస్తే, కన్ను కింద ఎక్కడో నలుపు కొద్దిగా కనబడింది. కింది రెప్పకి ఎర్రటి అంచు గీశాను. కుంచె తప్పి గీత బయటికి జారింది, కన్ను కారుతున్నట్టయింది.

"ఆగు" అన్నారాయన.

ఆగాను. నాకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. నాన్న కళ్ళు తెరిచాడు.

"చెవి సరిగ్గా రాలేదు" అన్నారు కండక్టరు గారు. "చెవి వేరేవాళ్ళది. కుడిచెవి కొన మీద ఈగలు తిని బొడిపెలు ఉండేవి. వర్షాకాలం వస్తే పసరు రాసేవాణ్ణి. రాయనిచ్చేది కాదు, కాలు కింద పెట్టి పట్టుకోవాల్సి వచ్చేది. రాశాక అలిగి రోడ్డు అవతలకి పోయి కూర్చునేది."

నాన్న సన్న కుంచె తీసి నాకు ఇవ్వబోయాడు, చెవి కోసం. కండక్టరు గారు అది చూడలేదు.

"ఎంతసేపనుకున్నారు? మూడో నంబరు బస్సు వచ్చేదాకా. ఆ డ్రైవరు హారను కొడితే లేచి వచ్చేది. నేను పిలిస్తే రాదు. నేను పిలిస్తే ఇదిగో ఇలా, నీ జాతకం నాకు తెలుసు పోరా అన్నట్టు చూసేది." కాన్వాసు వైపు చెయ్యి చూపించి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒకసారి ఏమైందంటే ఆర్టిస్టు గారూ, డిపో మేనేజరు కొత్త బూట్లు వేసుకొచ్చాడు..."

అవేవీ బొమ్మకి పనికొచ్చే సంగతులు కావు. నాన్న ఆయన్ని ఆపలేదు. కుంచెలన్నీ నా దగ్గర్నుంచి తీసుకుని, వింటూ తనే కడగడం మొదలుపెట్టాడు. ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. అమ్మ దారపు ముక్కలు దులుపుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"అయితే ఆ బూట్లని ఏం చేసిందంటారు?" అంది.